రుమాలు విప్పమనలేదు

ఇవాళ పొద్దున నేనొక తప్పు చేశాను. రిటైరైన డాక్టరు తప్పు చేయడానికి ఆసుపత్రి అక్కర్లేదు, పాల దుకాణం ముందు నిలబడితే చాలు.

సూరత్‌లోని ఉన్ బస్తీలో మా వీధి చివర ఆ దుకాణం ఉంది. ప్యాకెట్ తీసుకుని తిరగబోతుంటే రాజేశం ఎదురయ్యాడు. మా కరీంనగర్ వైపు మనిషే. సాంచాల మీద పని. పవర్‌లూమ్‌ను ఊళ్లో ఏమనేవాళ్లమో సూరత్‌లోనూ అదే అంటాం. రాత్రి పాళీ దిగి ఇంటికి పోతున్నాడు. పోగుల నూగు జుట్టులో పడకుండా సాంచాల వాళ్లు తలకు రుమాలు చుట్టుకుంటారు. అతని రుమాలు ఇవాళ కనుబొమ్మల దాకా దిగి ఉంది.

"సాబ్, ఈ పక్క నెత్తి ఒకటే మండుతాంది. దువ్వెన పెడితే గూడ సుర్రుమంటాంది," అని కుడి కంటి పైన చెయ్యి పెట్టి చూపించాడు.

"రాత్రంత లైట్ల కింద కండ్లు చించుకొని చూస్తవు. అద్దాలు మార్పించుకో."

"కన్ను గూడ జర ఎర్రగైంది సాబ్."

"నిద్ర లేకపోతే నాది గూడ ఎర్రగైతది. అది సరే గని, ముక్కు మీద మొటిమేంది? మళ్లా పెండ్లి గిట్ల చేసుకుంటున్నవా?"

పాల దుకాణమాయన నవ్వాడు. రాజేశం కూడా నవ్వాడు. నవ్వించి ఇంటికి పంపించాను. అదీ ఇవాళ నేను చేసిన వైద్యం.

మధ్యాహ్నం భోంచేసి ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నాను. నా క్లినిక్ గదిలో ఇప్పుడు కూర్చుంటున్న కుర్ర డాక్టరు, కార్మికుల బస్తీల్లో ప్రాక్టీసు మొదలుపెట్టేవాళ్లకు పనికొచ్చేలా నా అనుభవాలు రాయమన్నాడు. అంటురోగాలకూ ముసలితనానికీ ఉన్న చుట్టరికం గురించి రాద్దామనుకున్నాను. మొదటి పేరా బ్రహ్మాండంగా వచ్చింది. "చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గిపోయినా ఆ వైరస్ ఒంట్లోంచి పోదు. నరాల మొదళ్లలో దాక్కుని నిద్రపోతుంది. మన ఒంటి కాపలా బలహీనపడ్డప్పుడు నరం వెంబడి బయటికొస్తుంది. ముందు ఒక పక్కనే మంట, ఆ తర్వాత పొక్కులు. దీన్నే మనవాళ్లు సర్పి అంటారు."

కలం ఆగిపోయింది. ఒక పక్కనే మంట. దువ్వెన తగిలితే సుర్రుమనడం. ముక్కు కొసన పొక్కు. నుదుటి మీద సర్పి లేచినప్పుడు ముక్కు కొసన కూడా పొక్కు కనిపిస్తే కంటికి ముప్పు ఉందని చదువుకునే పిల్లలు కూడా చెప్తారు. నేను దాన్ని చూసి పెళ్లి గురించి జోకు వేశాను.

ఆటో ఎక్కి రాజేశం గదికి పరిగెత్తాను. గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఇంట్లో కూడా రుమాలు అలాగే ఉంది.

"రుమాలు విప్పు రాజేశం."

అతను భార్య పద్మ వైపు చూశాడు. ఆమె నేల చూపులు చూసింది. చివరికి ఆమే వచ్చి విప్పింది. నుదురు కుడి సగమంతా ఎర్రమన్ను పూత. దాని మీద సింహం బొమ్మ, తోక కణత మీదికి తిరిగి ఉంది. పూత కింద పొక్కులు. ఎడమ సగం మాత్రం గీత గీసి వదిలేసినట్టు శుభ్రంగా ఉంది. కుడి రెప్ప నేను పొద్దున చూసినప్పటికే కొంచెం ఉబ్బి ఉండాలి, ఇప్పుడు సగం మూసుకుపోయింది.

"పొద్దున నాతోని ఎందుకు చెప్పలేదురా?"

పద్మ జవాబు చెప్పింది. "తిడ్తవని సాబ్. మొన్న పొక్కులు లేస్తే ఎల్లవ్వతోని సింహం గీయించుకున్నడు. నువ్వు సూస్తె కడుక్కొని రా అంటవని రుమాలు కిందికి గుంజుకున్నడు."

అక్కడి నుంచి నేరుగా కంటి డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. వైరస్ మందు వెంటనే మొదలైంది. ఆ మందు పొక్కులు లేచిన మూడు రోజుల లోపు పడితేనే బాగా పనిచేస్తుంది. మేం ఆ గడువు అంచున చేరాం. కంటి నల్లగుడ్డు మీది పొర అప్పటికే కొంత తగిలిందట. చూపు ఎంత మిగులుతుందో వారం గడిస్తే గాని చెప్పలేనంది.

రాజేశం ఒక్కడే వరసగా ఉన్న సాంచాలన్నీ చూసుకుంటాడు. తిరుగుతూనే, దూరం నుంచే, తెగిన పోగును పట్టాలి. ఒక కన్ను మసకబారితే ఆ షెడ్డులో అతనికి పని లేదు. సాయంత్రం ఇంటికొచ్చాక మధ్యాహ్నం రాసిన బ్రహ్మాండమైన పేరా పక్కన పడేసి, ఇవాళ చేసిన తప్పు దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాను.

కడుక్కరా సాబ్

బస్తీలో నాకు ఆ పేరు ఎలా వచ్చిందో ముందు చెప్పాలి.

ప్రాక్టీసు పెట్టిన కొత్తలో నడుముకు సర్పి లేచిన ఒక మనిషి వచ్చాడు. చుట్టూ ఎర్రమన్ను, మీద సింహం. సర్పికి సింహాన్ని చూస్తే భయమని మనవైపు నమ్మకం. పూత కింద చీము పట్టింది. గీసింది ఎల్లవ్వ. భర్త సాంచాల పనికి వస్తే వెంట వచ్చిన మనిషి. అప్పటికి ఆమె నడివయసులో ఉంది, ఇప్పుడు ముసలమ్మ. ఆమె కూడా రోగితో పాటు క్లినిక్‌కు వచ్చింది, పాపం, ఎలా ఉందో చూద్దామని.

నేను నిండు క్లినిక్‌లో అరిచాను. "ముందు ఆ మన్ను కడుక్కొని రా! సింహాలతో తగ్గేటట్టుంటే నేనెందుకు చదివిన?" ఎల్లవ్వ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. జనం నవ్వారు. నాకు గెలిచినట్టు అనిపించింది. ఆ తర్వాత పసుపు పూసుకొచ్చినా, వేపాకు కట్టుకొచ్చినా, పేస్టు రాసుకొచ్చినా నాది అదే పాట. బస్తీలో నా అసలు పేరు పోయి "కడుక్కరా సాబ్" మిగిలింది. నేను దాన్ని బిరుదులా మోశాను. పెళ్లిళ్లలో మా ఆవిడను "కడుక్కరా సాబ్ భార్య" అని పరిచయం చేస్తే ఆమెకు ఒళ్లు మండేది, నాకు నవ్వొచ్చేది.

చీము పట్టిన చోట మన్ను పెట్టకూడదు. ఆ మాట నిజం, ఇప్పుడూ అదే చెప్తాను. కానీ నేను నేర్పింది అది కాదు. నాకు కనపడకుండా మన్ను పెట్టుకోవడం నేర్పాను. ఆ సంగతి ఇవాళ రాజేశం రుమాలు కింద చూశాను.

రెండు వయసులు

నాకు పని నేర్పింది సూరత్‌లోనే ఖటోదరాలో క్లినిక్ నడిపిన దేశాయి సాహెబ్. గుజరాతీ మనిషి. పొట్టిగా, ఎప్పుడూ వక్క నములుతూ ఉండేవాడు. నేను జేబులో థర్మామీటరును పిస్తోలులా పెట్టుకు తిరిగే రోజులు. జ్వరం ఉంటే రోగం, లేకపోతే లేదు. అంత సులువు.

ఒకరోజు మల్లయ్య అనే ముసలి వాచ్‌మన్‌ను కొడుకు తీసుకొచ్చాడు.

"నిన్నటి సంది మా బాపు ఎట్లనో చేస్తుండు సాబ్. అంగీ గుండీలు పెట్టుకునుడు మర్చిపోయిండు. చాయ్ ముంగట పెడితే దిక్కులు చూస్తుండు. బాత్రూంల పడ్డడు గూడ."

థర్మామీటరు పెట్టాను. జ్వరం లేదు. "వయసు బాబూ, ఇంకేం లేదు. ఇంటికి తీసుకుపో," అన్నాను. పక్క గదిలోంచి దేశాయి సాహెబ్ వక్క ఉమ్మేసి వచ్చాడు. ముసలాయన వీపు తట్టి కూర్చోబెట్టి, ఊపిరి చూశాడు. స్టెతస్కోపు పెట్టి, నన్ను పిలిచి నా చెవులకు తగిలించాడు. కుడి ఊపిరితిత్తి అడుగున చిటపటలు. న్యుమోనియా.

"జ్వరం లేదు కదా సాహెబ్?" అన్నాను.

"తావ్ కౌన్ లాతా హై? బీమారీ? నహీ రే. ఆద్మీ ఖుద్ లాతా హై."

జ్వరం తెచ్చేది రోగం కాదు, మనిషే తెచ్చుకుంటాడు అని. ఒంట్లో కాపలా ఉన్నవాడు దొంగను చూసి కేక వేస్తే ఆ కేకే జ్వరం. కాపలావాడు ముసలివాడైతే కేక రాదు. దొంగ మాత్రం లోపలే ఉంటాడు. అందుకే ముసలివాళ్లలో అంటురోగం మతి తప్పడంలా, తడబాటులా, అన్నం వద్దనడంలా వస్తుంది. మల్లయ్య బతికాడు. మళ్లీ వచ్చినప్పుడు గుండీలన్నీ సరిగ్గా పెట్టుకుని వచ్చి నాకు చూపించాడు. నేను పంపేసి ఉంటే ఆ గుండీలు వేరేవాళ్లు పెట్టాల్సి వచ్చేది.

దేశాయి సాహెబ్ ఇంకో మాట చెప్పాడు. రోగి కార్డు మీద రాసి ఉన్నది ఒక వయసు, ఒంటిది ఇంకొకటి. మనం మందు రాసేది ఒంటికి. అతను రోగిని చేతుల ఊతం లేకుండా స్టూలు మీంచి లేవమనేవాడు. చిన్నప్పటి నుంచి ఏమేం జబ్బులు చేశాయో కబుర్లలో పెట్టి అడిగేవాడు. ఆ కబుర్లు టైం దండగ అని నేను అనుకునేవాణ్ని. ఇవాళ రాజేశాన్ని చూసినప్పుడు కూడా నా బుర్రలో ఉన్నది అతని కార్డు మీది వయసే. యాభై నిండలేదు, సర్పి ఎందుకు వస్తుంది అని కూడా అనుకోలేదు నేను. సర్పి అన్న ఆలోచనే రాలేదు.

కండువా అంచు ముడులు

రాజేశం ఒంటి వయసు అంత ముందుకు ఎలా నడిచింది? నాకు అర్థమైన మేరకు చెప్తాను.

రొమ్ము ఎముక వెనక ఒక చిన్న గ్రంథి ఉంది. కొత్త రక్షణ కణాలకు అదే బడి. ఆ బడి పడుచుతనంలోనే కుంచించుకుపోవడం మొదలవుతుంది. వయసు మళ్లేసరికి కొత్తగా చదువుకుని బయటికొచ్చే కణాలు బాగా తగ్గిపోతాయి. పాతవాళ్లే ఉన్న పని అంతా లాగాలి. పాత శత్రువులను వాళ్లు బాగానే గుర్తుపడతారు, కొత్త మొహం వస్తే తడబడతారు. ముసలివాళ్లకు టీకా కూడా అంత గట్టిగా పట్టకపోవడానికి ఇదొక కారణం.

ఇక రెండోది. ఒంట్లోకి క్రిమి వచ్చినప్పుడల్లా దాన్ని ఎదుర్కొనే కణాలు ఒకటి రెండై, రెండు నాలుగై పెరగాలి. కండువా అంచు పోగులు ఊడిపోకుండా ముడులు వేస్తాం కదా, కణంలోని క్రోమోజోముల కొసలకు అలాంటి కట్టు ఉంటుంది. కణం రెండైన ప్రతిసారీ ఆ అంచు కొంత అరుగుతుంది. మరీ అరిగిపోతే ఆ కణం ఇక రెండుగా చీలదు. చచ్చిపోతే గొడవ లేదు. కొన్ని చావకుండా అక్కడే ఉండిపోయి, వాపు పుట్టించే రసాయనాలు వదులుతూ కూర్చుంటాయి. ఖటోదరాలో మా క్లినిక్ పక్క షెడ్డులో సాంచాలు బాగుచేసే ముసలి జాబర్ ఒకడు ఉండేవాడు. పని మానేశాడు గాని రావడం మానలేదు. రోజంతా బల్ల మీద కూర్చుని పనిచేసేవాళ్లను ఒకరి మీదికి ఒకరిని ఎగదోసేవాడు. అలాంటి కణాలన్నమాట.

వచ్చి పోయే జలుబు పెద్ద లెక్కలోకి రాదు. ఒంట్లోనే ఇల్లు కట్టుకునేవీ, పదేపదే వచ్చేవీ వేరు. చాలామందిలో చిన్నప్పుడే చేరి చచ్చేదాకా ఉండిపోయే వైరస్‌లు ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద కాపలా కాయడానికే ముసలి వయసులో రక్షణ కణాల్లో పెద్ద వాటా ఖర్చవుతుంది. రాజేశానికి ఒకసారి టీబీ వచ్చింది, మలేరియా ఎన్నిసార్లో అతనికే గుర్తులేదు, పైన షుగరు, రాత్రి పాళీలు. ఈ చిక్కులో ఏది కారణం, ఏది ఫలితం అన్నది చదువుకున్నవాళ్లు ఇంకా విడదీస్తూనే ఉన్నారు. నిద్రలేమి, దుమ్ము, తిండి, బీడీ అన్నీ ఒకే ముడిలో ఉన్నాయి. కాబట్టి "నీకు మలేరియా వచ్చింది గనక ముసలివాడివయ్యావు" అని ఏ రోగికీ తేల్చి చెప్పకండి. ఇంకొంచెం జాగ్రత్తగా చూడండి, చాలు.

సూది

నా దగ్గరికి వచ్చే సాంచాల వాళ్లందరిదీ ఒకటే మాట. "జల్ది తక్కువ కావాలె సాబ్. ఒక సూది ఎయ్యి. పాళీ పోతది."

వేసేవాణ్ని. జ్వరం దిగేది, మనిషి అదే రాత్రి షెడ్డుకు పోయేవాడు. బయట బెంచీ మీద నా పేరు మారుమోగేది. వాళ్ల కడుపు నింపుతున్నానని గర్వపడ్డాను. జ్వరం దింపినంత మాత్రాన ఒంట్లో యుద్ధం ఆగదు, కేక మాత్రమే ఆగుతుంది. ఆ యుద్ధం మధ్యలోంచి మనిషిని లేపి సాంచాల మధ్య నిలబెట్టాను. "రెండు రోజులు పండుకో" అన్న మాట సూది కంటే కష్టమైన మందు. ఆ మాట సాంచాల యజమాని షేఠ్‌కు చెప్పాలి, భార్యకు చెప్పాలి, రోగితో వాదించాలి. నేను వాదించలేదు. అలా పంపినవాళ్లలో రాజేశం కూడా ఉన్నాడు, ఒకసారి కాదు.

ఇంకొకటి. సర్పికి టీకా ఉంది. ఖరీదైనది. దాని గురించి బస్తీలో ఎవరికీ నేను చెప్పలేదు. వీళ్లెక్కడ వేయించుకుంటారులే అని వాళ్ల తరఫున నేనే తేల్చేశాను. కొనుక్కోవడం మానడం వాళ్ల ఇష్టం. చెప్పడం నా పని. ఆ పని చేయలేదు.

ఎల్లవ్వ చాప

పై భాగాలు రాసి పక్కన పెట్టి కొన్ని వారాలైంది. రాజేశం సంగతి చెప్పి ముగిస్తాను.

ఆ వారం రోజూ కంటి డాక్టరమ్మ దగ్గరికి అతన్ని నేనే తీసుకుపోయాను. రెండోరోజు ఆటోలో పద్మ ఎదురుగానే చెప్పాను. "పాల దుకాణం కాడ నీ ముక్కు మీద పొక్కు నాకు కనబడ్డది. రుమాలు విప్పమనలే. తప్పు నాది రాజేశం. నీది గాదు."

"అయితే పెండ్లి క్యాన్సలా సాబ్?" అన్నాడు అతను. పద్మ అతని భుజం మీద ఒక్కటి వేసింది. నేను కిటికీ బయటికి చూశాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

చూపు దక్కింది. నల్లగుడ్డు పొర మీద చిన్న మచ్చ మిగిలింది గాని అది చూపుకు అడ్డం రాని చోట పడింది. డాక్టరమ్మ ఎదురుగా చీర అంచు పట్టుకుంటే పోగు పోగూ చెప్పాడు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే అలా చెప్పగలిగేవాడో లేదో నేను రాయలేను. నుదుటి మంట మాత్రం పోలేదు. నరం దెబ్బతింటే అది నెలల తరబడి ఉంటుంది. ఒక్కోసారి రుమాలు అంచు తగిలినా ఉలిక్కిపడుతున్నాడు. అందుకు మందు వాడుతున్నాడు. షేఠ్ దగ్గరికి నేనే పోయి కూర్చుని వాదించాను. పూర్తిగా తగ్గేదాకా పగటి పాళీకి ఒప్పించాను. జీవితంలో మొదటిసారి వాదించడం అంత కష్టమేమీ కాదని తెలిసింది.

ఆ తర్వాత ఆదివారం ఎల్లవ్వ ఇంటికి పోయాను. గడపలో నన్ను చూసి లేవలేదు.

"కడుక్కొని రావాల్నా సాబ్, గిట్లనే మాట్లాడొచ్చా?"

నేను చెప్పులు విడిచి ఆమె చాప మీద కూర్చున్నాను. "అప్పుడు అందరి ముంగట నిన్ను అన్న మాట తప్పవ్వా. నువ్వు రాజేశానికి గీసినవని ఇప్పుడు అరవడానికి రాలే. ఒకటి అడగడానికొచ్చిన."

"అడుగు."

"సర్పి అని ఎవరొచ్చినా నువ్వు గీస్తవు. గియ్యి. పొక్కుల మీద మన్ను పెట్టకు, పక్కన మంచి తోలు మీద గియ్యి. మొహం మీద లేస్తే అసలే పెట్టకు. గీసినంక అదే రోజు నాకాడికి పంపు."

"పక్కకు గీస్తే సర్పి పోతదా?"

"నీ సింహం ఆ దిక్కు నుంచి ఉరికిస్తది, నా గోలీ ఈ దిక్కు నుంచి. మధ్యల సర్పి యాడ పోతది?"

ఎల్లవ్వ నన్ను కింది నుంచి మీదికి చూసింది. "గింత సక్కగ మాట్లాడొస్తదా నీకు? ఇన్నేండ్లు ఏడ దాసినవ్ గా నోరు?" అని చాయ్ పెట్టింది. చక్కెర మరీ ఎక్కువ వేసింది. గ్లాసు అడుగు దాకా తాగాను.

ఇప్పుడు ప్రతి ఆదివారం షెడ్ల పక్కనున్న చాయ్ బండి దగ్గర కూర్చుంటున్నాను. టీకా సంగతి, జ్వరం వస్తే పండుకోవాల్సిన సంగతి చెప్తున్నాను. వినేవాళ్లు వింటున్నారు, సూది వేయమనేవాళ్లు ఇంకా సూదే వేయమంటున్నారు. మందు అవసరమైనవాళ్లను నా పాత గదిలోని కుర్ర డాక్టరు దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకుపోతున్నాను.

నిన్న ఫోను మోగింది. ఎల్లవ్వ.

"సాబ్, ఒకామెకు నడుము కాడ లేసినయి. సింహాన్ని పక్కకు గీసిన. నీకాడికి పంపుతున్న. కడుక్కొని రమ్మనాల్నా?"

"వద్దవ్వా," అన్నాను. "అట్లనే రమ్మను."